గడ్డి కింది నేల: మా కళాశాల ఫుట్‌బాల్ మైదానం మార్పిడిలో నా అనుభవం

హనుమకొండలోని ఒక కళాశాలలో నేను ఫిజికల్ డైరెక్టరుగా పనిచేస్తున్నాను. పదేళ్లకు పైగా వాడి అరిగిపోయిన మా ఫుట్‌బాల్ మైదానపు కృత్రిమ గడ్డిని పూర్తిగా తొలగించి కొత్తది వేసే పని, ప్రతిపాదన రాసిన నాటి నుంచి కొత్త మైదానంలో మొదటి మ్యాచ్ ఆడించే వరకు, నా పర్యవేక్షణలోనే జరిగింది. ఉత్తర తెలంగాణలో ఇప్పుడు చాలా విద్యాసంస్థలు టర్ఫ్ మైదానాల వైపు చూస్తున్నాయి, కొన్ని చోట్ల మొదటి విడత గడ్డి అరిగి మార్చే సమయం కూడా దగ్గరపడింది. అటువంటి వారికి పనికివస్తుందన్న ఉద్దేశంతో ఇది రాస్తున్నాను. నమూనా ముక్కను చేత్తో నిమిరి, రంగు చూసి, చదరపు అడుగు ధరను బట్టి కొటేషన్లు పోల్చే అలవాటు మన దగ్గర బలంగా ఉంది. నేను చూసినంతలో మైదానం మంచిచెడ్డలను తేల్చేది ఆ పైపొర కాదు, దాని అడుగున ఎవరికీ కనిపించని కంకర, గొట్టాలు, వాలు.

ఫుట్‌బాల్‌కు వాడే మూడో తరం టర్ఫ్ ఎలా ఉంటుందో ముందు చెప్పాలి. పాలీప్రొపిలీన్ వస్త్రంలో 40 నుంచి 60 మిల్లీమీటర్ల పొడవున్న పాలిథిలీన్ పోగులను గుచ్చి, వెనుక వైపు లేటెక్స్ లేదా పాలీయురేథేన్ పూత పూసి బిగిస్తారు. దీన్నే కార్పెట్ అంటారు. పోగుల మధ్య అడుగున సిలికా ఇసుక, పైన రబ్బరు గుళికలు నింపుతారు, ఈ రెండింటినీ కలిపి ఇన్‌ఫిల్ అంటారు. ఇసుక బరువు కార్పెట్‌ను కదలకుండా పట్టి ఉంచుతుంది, రబ్బరు ఆటగాడి పాదానికి మెత్తదనాన్ని ఇస్తుంది. సాధారణంగా ఇటువంటి గడ్డి 8 నుంచి 12 ఏళ్లు పనికివస్తుంది. ఓరుగల్లు ఎండలో, పొద్దున్నుంచి రాత్రి దాకా ఎవరో ఒకరు నడుస్తూనే ఉండే మైదానంలో, పై అంకె వరకు ఆశించడం అత్యాశే అవుతుంది.

మా మైదానంలో రెండు గోల్ పోస్టుల ముందు, పెనాల్టీ స్పాట్ దగ్గర పోగులు తెగి అడుగు వస్త్రం బయటపడింది. మిగిలిన చోట్ల పోగులు నిలబడే శక్తి కోల్పోయి నేలకు అంటుకుపోయాయి, రబ్బరు గుళికలు గట్టిపడి పెచ్చు కట్టాయి. పడిన పిల్లల మోకాళ్లు, మోచేతులు చర్మం ఒలిచినట్టు గీరుకుపోయేవి. అయితే గాయాల గురించి మాటల్లో చెబితే నిధులు మంజూరు కావు కాబట్టి కొలతలు తీసి నివేదికకు జతపరిచాను. అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా కృత్రిమ మైదానాలకు పెట్టిన ‘క్వాలిటీ’ ప్రమాణం ప్రకారం 2 మీటర్ల ఎత్తు నుంచి వదిలిన బంతి 60 సెంటీమీటర్లకు తగ్గకుండా, 1 మీటరుకు మించకుండా పైకి లేవాలి. 1 మీటరు ఎత్తున్న వాలు పైనుంచి జారవిడిచిన బంతి 4 మీటర్లు దాటి, 10 మీటర్ల లోపు ఆగాలి. గోడకు కట్టిన టేపు, వడ్రంగి చేసిచ్చిన చెక్క వాలు, సెల్‌ఫోన్ వీడియో ఉంటే ఈ రెండు పరీక్షలూ ఏ కళాశాలలోనైనా ఉజ్జాయింపుగా చేసుకోవచ్చు. మా దగ్గర రెండింటిలోనూ బంతి హద్దు దాటింది. ఆ వీడియోలు చూశాక కళాశాల కమిటీలో అవసరమా కాదా అన్న చర్చ ముగిసింది, ఎలా చేయాలన్న చర్చ మొదలైంది.

అక్కడ సహజ గడ్డికి తిరిగి వెళ్దామన్న వాదన గట్టిగా వచ్చింది. ఆ వాదనలో బలం ఉంది. మే నెలలో మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో మా టర్ఫ్ ఉపరితల ఉష్ణోగ్రత 60 డిగ్రీలు దాటడం నేను స్వయంగా కొలిచి చూశాను, ఆ వేడి పలచటి బూటు అడుగును దాటి పాదానికి తగులుతుంది. నీళ్లు చల్లితే కాసేపు తగ్గి మళ్లీ యథాస్థితికి వస్తుంది. అయినా నేను కృత్రిమ గడ్డి వైపే మాట్లాడాను. మా మైదానంలో తెల్లవారుజామున పోలీసు ఉద్యోగాల కోసం 1600 మీటర్ల పరుగు సాధన చేసే యువకులు, ఆ తరువాత ఎన్‌సీసీ, పగలు తరగతుల వారీ ఆటలు, సాయంత్రం అమ్మాయిల జట్టు, ఆపైన అబ్బాయిల జట్టు ఉంటాయి. ఇంత ఒత్తిడిని సహజ గడ్డి తట్టుకోవాలంటే దానికి విశ్రాంతి రోజులు ఇవ్వాలి, ఎండాకాలమంతా బోరు నీరు పారించాలి. ఏప్రిల్ వచ్చేసరికి మా బోరు హాస్టళ్లకే చాలీచాలకుండా వస్తుంది. నీరు, స్థలం ఉన్న కళాశాల అయితే సహజ గడ్డినే ఎంచుకోవాలని నేను ఇప్పటికీ చెబుతాను.

టెండరు గురించి ఎక్కువ చెప్పను. మేము పెట్టిన షరతుల్లో రెండు మాత్రం తరువాత మమ్మల్ని కాపాడాయి. అడుగు పొరల మరమ్మతును కార్పెట్ ధరలో కలపకుండా, ఘనపు మీటరుకు ఇంత అని విడిగా రేటు రాయించుకున్నాం. పాత సామగ్రిని ఎక్కడికి తరలించారో వేబ్రిడ్జి చీటీలతో సహా చూపితేనే ఆ పద్దు కింద బిల్లు చెల్లిస్తామని రాశాం. పనికి కాలం ఎంచుకోవడం కూడా ముఖ్యమే. మార్చి, ఏప్రిల్ పరీక్షలు ముగిశాక మొదలుపెట్టి మృగశిర కార్తె వానల లోపు ముగించాలి, ఎందుకంటే అతుకులకు వాడే జిగురుకు, ఇన్‌ఫిల్ పరచడానికి పొడి నేల తప్పనిసరి.

తొలగింపు మొదలయ్యాకే దాని బరువు ఎంతో అందరికీ అర్థమైంది. మా ఆటస్థలం 100 మీటర్ల పొడవు, 64 మీటర్ల వెడల్పు. చుట్టూ వదిలిన 3 మీటర్ల అంచుతో కలిపి 7,420 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు 15 కిలోల ఇసుక, 10 కిలోల రబ్బరు చొప్పున లెక్క కట్టినా ఇన్‌ఫిల్ ఒక్కటే 185 టన్నులకు పైన ఉంటుంది. ముందు యంత్రంతో ఇన్‌ఫిల్‌ను పైకి లేపి సంచుల్లో నింపారు, తరువాత కార్పెట్‌ను పట్టీలుగా కోసి చుట్టారు. పోగుల్లో ఇరుక్కుపోయిన ఇసుక వల్ల ఒక్కో చుట్టను ఎత్తడానికి జేసీబీ కావలసి వచ్చింది.

ఈ చుట్టలను ఏం చేయాలన్నదే మాకు ఎదురైన కఠినమైన ప్రశ్న. పాలిథిలీన్, పాలీప్రొపిలీన్, లేటెక్స్ కలిసిపోయి, ఇసుక కూడా పట్టి ఉన్న వస్తువును మామూలు పాత సామాన్ల వ్యాపారి తీసుకోడు. ఊరి బయట తగలబెడితే సరిపోతుందన్న సలహా కూడా వచ్చింది. బహిరంగంగా చెత్త కాల్చడాన్ని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2016లోనే నిషేధించింది. నిషేధం లేకపోయినా, టన్నుల కొద్దీ ప్లాస్టిక్‌ను, టైర్ల రబ్బరును కాల్చిన పొగను పక్క ఊరి పిల్లల ఊపిరితిత్తుల్లోకి పంపే హక్కు ఒక కళాశాలకు ఉండదు.

అది యాసంగి కోతల కాలం. మా సిబ్బందిలో కొందరు, వారి ద్వారా చుట్టుపక్కల ఊళ్ల రైతులు, ఈ కార్పెట్ ముక్కలు ఇస్తే వడ్లు ఆరబోసుకుంటామని అడిగారు. వడ్లు కొనే ఐకేపీ కేంద్రాల దగ్గర పరదాలకు ఎంత కటకట ఉంటుందో తెలిసిన వాడిని కాబట్టి కాదనడానికి నాకు మనసు ఒప్పలేదు. కాని పదేళ్లు ఎండిన పోగులు చేత్తో రుద్దితేనే పొడిగా రాలుతున్నాయి, సందుల్లో నల్లటి రబ్బరు గుళికలు ఎంత దులిపినా మిగిలిపోతున్నాయి. అవి తినే గింజల్లో కలుస్తాయి. ఒక ముక్కను ఎండలో పరిచి, దానిపై గుప్పెడు వడ్లు పోసి, ఎత్తి దోసిట్లో చూపించాక వారే వద్దన్నారు. చెడిపోని అంచు ముక్కలను క్రికెట్ నెట్స్ సాధనకు మూడు, నాలుగు పాఠశాలలు తీసుకున్నాయి. జల్లెడ పట్టగా వచ్చిన రబ్బరు, రబ్బరు పలకలు తయారుచేసే యూనిట్‌కు వెళ్లింది. మిగిలిన కార్పెట్‌ను, సిమెంటు బట్టీల్లో ఇంధనంగా వాడకానికి పంపే అధీకృత సంస్థకు అప్పగించాం. ఈ పద్దుకు అయిన ఖర్చు చూసి కమిటీ సభ్యులు ఆశ్చర్యపోయారు, ఎందుకంటే కార్పెట్ కొనే రోజున దాన్ని వదిలించుకునే ఖర్చు గురించి ఎవరూ చెప్పరు.

కార్పెట్ లేచిన తరువాత బయటపడిన నేల మా పని దిశనే మార్చింది. ఈశాన్యం మూల ప్రతి వానకూ నీరు నిలిచేది. మైదానం చూసుకునే ఉద్యోగి మొదటి నుంచీ ఒకటే మాట అనేవాడు: “గీ మూలకు పైన ఎంత ఇసుక పోసినా ఫాయిదా లేదు సార్, కింద ఏదో ఉన్నది.” అక్కడ తవ్వించగా రెండు అడుగుల లోతున నల్లరేగడి మట్టి తేలింది. మిగతా మైదానం ఎర్రటి చలక నేల. ఎప్పుడో పల్లం పూడ్చడానికి దొరికిన మట్టి తెచ్చి పోసినట్టున్నారు. రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు పగుళ్లిస్తుంది. దానిపై పరిచిన కంకర ఏటా కొంచెం కొంచెంగా కుంగుతూ వచ్చింది. మట్టికీ కంకరకూ మధ్య వేయవలసిన జియోటెక్స్‌టైల్ వస్త్రం అక్కడ లేదు, అందువల్ల మట్టి పైకి, కంకర కిందికి చేరి రెండూ కలిసిపోయాయి. ఆ పక్కన ఉన్న చిల్లుల గొట్టాన్ని తెరిస్తే లోపల వేప వేళ్లు, వాటి చుట్టూ వానకు కొట్టుకొచ్చిన రబ్బరు గుళికలు గడ్డకట్టి నీటిదారిని పూర్తిగా మూసివేశాయి. మొదటిసారి పని చేసిన కాంట్రాక్టరు ఇచ్చిన నక్షాలో గొట్టం ఒక చోట ఉంది, నేలలో ఇంకొక చోట దొరికింది.

ఖర్చు పెరుగుతుందని కమిటీలో వెనకడుగు కనిపించింది. గుంతలను రాతి పొడితో నింపి, రోలరు తిప్పి, పైన కార్పెట్ వేసేస్తే ఏమవుతుందన్న మాట వచ్చింది. సివిల్ ఇంజనీరింగ్ బోధించే ఒక ఆచార్యులను పిలిపించి, నేలలో ఉక్కు వలయం దిగేసి నీరు పోసి, ఇంకే వేగాన్ని అందరి ముందు కొలిపించాను. ఫిఫా ప్రమాణం ప్రకారం మైదానం గంటకు 180 మిల్లీమీటర్ల నీటిని ఇంకించగలగాలి. చలక నేల ఉన్న వైపు వలయంలో నీరు చూస్తుండగానే దిగిపోయింది, ఈశాన్యం మూలలో పోసిన నీరు పోసినట్టే నిలిచింది. ఈ ప్రాంతపు వానల గురించి ఎవరికీ వేరే చెప్పనక్కర లేదు. 2023 జూలై చివరి వారంలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వర్షం నమోదైంది, వరంగల్, హనుమకొండ కాలనీలు మునిగాయి. అంతటి వానను ఏ మైదానమూ మింగలేదు. వాన వెలిశాక ఎంతసేపటికి నీరు వదిలి మళ్లీ ఆటకు పనికివస్తుందన్నదే మనం అడగవలసింది, దానికి జవాబు చెప్పేది అడుగు పొరే.

చివరికి ఆ మూల మేరకు రేగడిని పూర్తిగా తవ్వి తీసి, గట్టి మొరం పొరలు పొరలుగా పోసి దిమ్మిస కొట్టించి, జియోటెక్స్‌టైల్ పరిచి, దానిపై 40 మిల్లీమీటర్ల కంకర, ఆపైన సన్న కంకర వేయించాం. గొట్టాలను వేపచెట్టుకు దూరంగా మళ్లించి, మలుపు దగ్గరల్లా మూత తీసి శుభ్రం చేసుకోగల గుంటలు కట్టించాం. మైదానానికి నిలువునా మధ్య నుంచి రెండు పక్కలకూ 0.5 శాతం వాలు ఇచ్చాం. 35 మీటర్లకు అది 17 సెంటీమీటర్ల పైచిలుకు, ఆడేవారి కంటికి ఆనదు, నీటికి మాత్రం దారి తెలుస్తుంది. ఆ తరువాత 3 మీటర్ల తిన్నని అల్యూమినియం పట్టీని నేలపై జరుపుకుంటూ పోయి, దాని కింద 10 మిల్లీమీటర్లకు మించి ఖాళీ కనిపించిన ప్రతి చోటా సున్నపు గుర్తు పెట్టి మళ్లీ సరిచేయించాం. మేస్త్రీకి విసుగు వచ్చింది, నాకు తెలుసు. కాని పైన కార్పెట్ పడ్డాక ఆ పొరను మళ్లీ చూసే అవకాశం పదేళ్ల దాకా ఎవరికీ ఉండదు.

ఇన్‌ఫిల్ ఎంపికలో నేను చాలా చదివాను, చాలామందిని అడిగాను. పాత టైర్ల నుంచి వచ్చే నల్ల రబ్బరు అన్నిటికన్నా చవక, అన్నిటికన్నా వేడి. ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరు రంగుల్లో దొరుకుతుంది, ఖరీదు చాలా ఎక్కువ. కొబ్బరి పీచు, బెండు వంటివి చల్లగా ఉంటాయి కాని తడి తగ్గకుండా చూసుకోవాలి, కుంభవృష్టి పడితే తేలి కొట్టుకుపోతాయి. సూక్ష్మ ప్లాస్టిక్ కాలుష్యం కారణంగా ఐరోపా సమాఖ్య 2023లో చేసిన నియమం ప్రకారం 2031 అక్టోబరు తరువాత అక్కడ ఇటువంటి రబ్బరు ఇన్‌ఫిల్ అమ్మకం ఆగిపోతుంది. మన దేశంలో అటువంటి నియమం లేకపోయినా, మా గొట్టంలో గడ్డకట్టిన రబ్బరును కళ్లారా చూశాక దాని వాడకాన్ని వీలైనంత తగ్గించాలని నిశ్చయించుకున్నాం. అందుకు దొరికిన మార్గం షాక్ ప్యాడ్. మెత్తదనంలో చాలా భాగం అడుగున పరిచే ఈ నురుగు పొర ఇస్తుంది కాబట్టి పోగు పొడవు తగ్గించుకోవచ్చు, రబ్బరూ తగ్గించుకోవచ్చు. మంచి ప్యాడ్ రెండు విడతల కార్పెట్‌కు సరిపోతుంది. అంటే తరువాతి మార్పిడిలో దాని ఖర్చు ఉండదు. తక్కువ పరిమాణంలో వాడిన రబ్బరు మాత్రం, బడ్జెట్ అనుమతించలేదు కాబట్టి, నల్లదే. మైదానం చుట్టూ చిన్న గట్టు కట్టించి, నీరు బయటికి పోయే ప్రతి చోటా గుళికలను ఆపే జాలీలు పెట్టించాం.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. అమ్మేవారు చూపించే ప్రయోగశాల నివేదిక ఒక నిర్దిష్ట కూర్పుకు చెందినది: ఫలానా కార్పెట్, ఫలానా ప్యాడ్, ఫలానా మోతాదులో ఇసుక, రబ్బరు. వాటిలో ఏ ఒక్కటి మారినా ఆ నివేదిక మీ మైదానానికి వర్తించదు. మాకు వచ్చిన ఒక కొటేషన్‌లో 60 మిల్లీమీటర్ల కార్పెట్‌కు తీసిన నివేదికను జతచేసి, 40 మిల్లీమీటర్లది ఇస్తామని రాశారు. అన్ని పేజీలూ చదివితేనే అది తెలుస్తుంది.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దలు చెప్పిన ఆ ఎండలోనే పరిచే పని వచ్చింది. చుట్టలు 4 మీటర్ల వెడల్పున వచ్చాయి. విప్పిన వెంటనే అతికించకుండా కొన్ని గంటలు అలాగే వదిలి ముడతలు పోనిచ్చారు. ఎండకు కార్పెట్ సాగుతుంది, జిగురు చెప్పిన సమయం కంటే ముందే గడ్డకడుతుంది. అందుకని అతుకుల పని తెల్లవారుజామున, మళ్లీ పొద్దుగుంకాక మాత్రమే చేయాలని పట్టుబట్టాను. ప్రతి అతుకునూ మరునాడు బూటు మడమతో తన్ని, చేత్తో లాగి పరీక్షించాం. మధ్యలో ఒక సాయంత్రం గాలివాన వచ్చి పని ఆగింది. తడి ఆరకుండానే ఇసుక పోస్తామని కూలీల మేస్త్రీ అన్నాడు గాని, తడి పోగుల మధ్య ఇసుక ఉండలు కట్టి అడుగుకు దిగదు, అందుకని ఆరే దాకా ఆపాం. తరువాత ఇసుకను, ఆపైన రబ్బరును పలచటి పొరలుగా చల్లుతూ, ప్రతి పొర తరువాతా బ్రష్షు లాగించి పోగులను నిలబెట్టించాం.

పని ముగిశాక అవే బంతి పరీక్షలు మైదానంలో వేర్వేరు చోట్ల చేశాం, అన్నీ హద్దుల్లోనే వచ్చాయి. ఆటగాడి పాదం తాకిడిని ఉపరితలం ఎంత పీల్చుకుంటుందన్నది మాత్రం చెక్క వాలుతో తేలేది కాదు. ఫిఫా క్వాలిటీకి అది 55 నుంచి 70 శాతం మధ్య ఉండాలి. దానికి ప్రత్యేక పరికరం ఉన్న వారిని రప్పించి, వారి నివేదిక అందాకే చివరి బిల్లుపై సంతకం చేశాను. జూలైలో మొదటి పెద్ద వాన రాత్రంతా కురిసింది. ఉదయం ఆరు గంటలకు వెళ్లి చూస్తే ఈశాన్యం మూలలో నీటి చుక్క నిలవలేదు, గుంట మూత తీస్తే గొట్టంలో నీరు తేటగా పారుతోంది. ఆ సాయంత్రమే అమ్మాయిల జట్టు సాధన చేసింది. ఉద్యోగ జీవితంలో నాకు అంత తృప్తినిచ్చిన సాయంత్రాలు తక్కువ.

ఇప్పుడు వారానికొకసారి బ్రష్షు లాగిస్తాం. గోల్ ముందు, పెనాల్టీ స్పాట్ దగ్గర సన్నటి స్టీలు స్కేలు దించి ఇన్‌ఫిల్ లోతు చూసి, తగ్గిన మేరకు నింపుతాం. ఇనుప స్టడ్ల బూట్లు, గుట్కా, చూయింగ్ గమ్, వాహనాలు, సభల కుర్చీలు లోపలికి రానివ్వడం లేదు. పోలీసు ఉద్యోగాలకు సిద్ధమయ్యే వారిని వెళ్లగొట్టడం నాకు ఇష్టం లేదు, వారికోసం గట్టు బయట మొరంతో పరుగు దారి వేయించాం. వేసవిలో ఉదయం పది నుంచి సాయంత్రం అయిదు వరకు మైదానం మూసే ఉంటుంది. రాత్రిపూట అద్దెకు ఇవ్వగా వచ్చే సొమ్మును తరువాతి మార్పిడి కోసం వేరే ఖాతాలో జమ చేస్తున్నాం. గొట్టాలు నిజంగా ఎక్కడ ఉన్నాయో చూపే నక్షా, ప్రతి పొరకూ తీసిన ఫొటోలు, ఇసుక, రబ్బరు తూకం చీటీలు, ప్యాడ్ హామీ పత్రం ఒకే ఫైలులో పెట్టి, ఒక ప్రతి కార్యాలయంలోనూ ఒక ప్రతి ఇంజనీరింగ్ విభాగంలోనూ ఉంచాం. ఈ కార్పెట్ లేపే రోజున ఇక్కడ ఫిజికల్ డైరెక్టరుగా ఎవరున్నా, గొట్టం కోసం నేలంతా తవ్వి వెతకవలసిన పని వారికి ఉండదు.